ఒప్పంద పత్రం ముందు వాళ్ల చేతికివ్వు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వెంటనే జవాబు రాద్దామనుకున్నాను గానీ, అప్పటికే మూడో బ్యాచ్ శిక్షణ మొదలైపోయింది. నిన్నటితో అది ముగిసింది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ ఫైనాన్స్ విభాగానికి రీసెర్చ్ గ్రాంట్ల (పరిశోధనకి బయటి సంస్థలు ఇచ్చే నిధుల) నిర్వహణ నేర్పే పని నీకే అప్పగించారని చదివి చాలా సంతోషించాను రా. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలని అడిగావు. నేను ఎక్కడ తప్పుగా మొదలుపెట్టానో ముందు చెప్తాను, నీకు ఒక బ్యాచ్ కష్టం మిగులుతుంది.

మొదటి బ్యాచ్‌కి నేను నిబంధనలు చెప్పాను. రెండు రోజులు, వంద పైగా స్లైడ్లు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. మూడు వారాల తర్వాత సెక్షన్‌కి వెళ్లి చూస్తే ఫైళ్లు పాత పద్ధతిలోనే తిరుగుతున్నాయి. ఒక ప్రొఫెసర్ పెట్టిన రసాయనాల బిల్లు 'ఈ హెడ్‌లో (ఈ బడ్జెట్ పద్దు కింద) రాదు' అన్న ఒక్క మాటతో వెనక్కి వెళ్లింది. ఎందుకు రాదమ్మా అని సీట్లో ఉన్న అమ్మాయిని అడిగాను. "వస్తుందో రాదో నాకు తెలియదు సార్. ఆడిట్‌లో పట్టుకుంటే మాత్రం నా మీదికే వస్తుంది" అంది. ఆమెను ఏమనగలను? ఆ గ్రాంట్ ఒప్పందాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. అసలు పత్రం ఆ ప్రొఫెసర్ దగ్గర ఉంది, నకలు రీసెర్చ్ ఆఫీసు బీరువాలో ఉంది, ఆమె దాకా వచ్చింది బడ్జెట్ పట్టిక ఉన్న ఒక్క పేజీ. చేతిలో ఆ ఒక్క పేజీ పెట్టుకుని ఎవరైనా ధైర్యంగా సంతకం ఎలా పెడతారు చెప్పు. తెలియనప్పుడు 'వద్దు' అనడమే క్షేమం అనిపిస్తుంది. ఆ 'వద్దు' వల్ల ఒక ప్రయోగం నెల రోజులు ఆగిపోతుంది.

అందుకే రెండో బ్యాచ్ నుంచి స్లైడ్లు పక్కన పెట్టేశాను. మొదటి రోజంతా ఒకే పని: నిజమైన ఒప్పందం ఒకటి, పేర్లు కొట్టేసి, మొదటి పేజీ నుంచి చివరి అనుబంధం దాకా అందరం కలిసి చదవడం. ఒక్కొక్కరు ఒక్కో పేరా పైకి చదవాలి, అది తన సీట్లో ఏ పనిని మారుస్తుందో చెప్పాలి. మొదటి గంట మొహమాటపడ్డారు. మధ్యాహ్నానికి వాళ్లే వాదించుకోవడం మొదలుపెట్టారు. "ఇక్కడ ముందస్తు అనుమతి అని ఉంది, మనం ఎప్పుడైనా అడిగామా?" అని ఒకాయన లేచి అడిగినప్పుడు నాకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను.

తేదీల దగ్గర మాత్రం తొందరపడకు. గ్రాంట్‌కి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయని అందరికీ తెలుసు. ముగింపు తేదీ లోపల ఏది జరగాలి అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఆర్డర్ పెడితే చాలా, సరుకు రావాలా, వాడటం మొదలవ్వాలా, డబ్బు చెల్లించాలా? ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో, గడువు లోపల ఒప్పుకున్న ఖర్చుల చెల్లింపులు పూర్తి చేయడానికి ముగింపు తర్వాత 120 రోజులు ఇస్తారు. అన్ని చోట్లా అంత వెసులుబాటు ఉండదు. ఇంతకు ముందు నేను పనిచేసిన చోట ఒక పరికరం గడువు లోపలే ఆర్డర్ పెట్టాం, అది ముగింపు తేదీ దాటిన ఆరో రోజు వచ్చింది. ఆ ఒప్పందం ప్రకారం గడువు లోపల అందని వస్తువు ఖర్చు చెల్లదు. మొత్తం విశ్వవిద్యాలయం సొంత నిధుల్లోంచి కట్టాల్సి వచ్చింది. ఆర్డర్ పెట్టింది నేనే. ఒప్పందం చదివి ఉంటే రెండు నెలలు ముందే గడువు పొడిగింపు అడిగేవాళ్లం. ఈ సంగతి ప్రతి బ్యాచ్‌లోనూ చెప్తాను.

రెండో రోజు లెక్కలు. ఇందులో బాగా పనిచేసిన అభ్యాసం ఒకటి చెప్తాను, నువ్వూ వాడుకో. ఒకే యంత్రాన్ని రెండు గ్రాంట్లలో రాయించు. దాని విలువ 60,000, ఆయుష్షు అయిదేళ్లు, ప్రాజెక్టులో వాడింది రెండేళ్లు, అది కూడా సగం సమయమే అనుకుందాం. యూరోపియన్ యూనియన్ వాళ్ల పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్ గ్రాంట్లలో సాధారణ పద్ధతి తరుగుదల (వాడినకొద్దీ తగ్గే విలువ) మాత్రమే చూపించడం. ఏడాదికి 12,000, రెండేళ్లకి 24,000, అందులో సగం కాబట్టి 12,000 మాత్రమే ఆ గ్రాంట్ ఖాతాకి వెళ్తుంది. అదే అమెరికా ఫెడరల్ గ్రాంట్‌లో బడ్జెట్‌లో ఆమోదం పొందిన పరికరమైతే, ఆ ప్రాజెక్టుకే పూర్తిగా వాడుతుంటే, కొన్నప్పుడే మొత్తం ధర రాయొచ్చు. అసలు ఎంత ధర నుంచి పరికరం అనాలన్న హద్దు కూడా స్థిరం కాదు. అక్కడ చాలాకాలం 5,000 డాలర్లు ఉండేది, 2024 అక్టోబర్ 1 నుంచి 10,000 చేశారు. పాత గ్రాంట్ ఫైలు, కొత్త గ్రాంట్ ఫైలు ఒకే బల్ల మీద ఉంటే ఏ హద్దు దేనికో చూసుకోవాల్సింది సెక్షన్ వాళ్లే. 'మన దగ్గర ఎప్పుడూ ఇలాగే రాస్తాం' అన్న మాట ఈ అభ్యాసం తర్వాత నాకు మళ్లీ వినపడలేదు.

ఓవర్‌హెడ్ (భవనాలు, పరిపాలన లాంటి ఉమ్మడి ఖర్చుల కోసం గ్రాంట్ మీద వేసుకునే శాతం) మీద ఒక పూట ఉంచుకో. శాతం గుణించడం ఎవరికైనా వచ్చు, దేని మీద గుణించాలన్న దగ్గరే తప్పులు పడతాయి. ప్రత్యక్ష ఖర్చులు 1,00,000, అందులో పరికరాలు 30,000 అనుకో. ప్రభుత్వంతో చర్చించి ఖరారు చేసుకున్న రేటు లేని సంస్థలు అమెరికాలో ఇప్పుడు 15 శాతం దాకా వేసుకోవచ్చు (2024 మార్పుకి ముందు 10 ఉండేది). పరికరాలు ఆ లెక్కలోకి రావు, కాబట్టి 70,000 మీద 10,500 వస్తుంది. నా దగ్గర మొదటిసారి సగం మంది 15,000 వేశారు. హొరైజన్ యూరప్‌లో 25 శాతం ఫ్లాట్ రేటు, కానీ బయటివాళ్లకి ఇచ్చే సబ్‌కాంట్రాక్టు మొత్తాన్ని తీసేసి వేయాలి. చిన్న తేడాల్లా కనిపిస్తాయి గానీ, అయిదేళ్ల ప్రాజెక్టు చివర్లో తిరిగి కట్టాల్సిన మొత్తం చూస్తే గుండె జారిపోతుంది.

ఇక్కడే వాళ్లకి స్టాన్‌ఫర్డ్ సంగతి చెప్పాను. 1990, 91లలో ఆ విశ్వవిద్యాలయం ఓవర్‌హెడ్ లెక్కల్లో ఒక విహార నౌక తరుగుదల కూడా కలిసిపోయి ఉందని బయటపడింది. అకౌంటింగ్‌లో జరిగిన పొరపాటని వాళ్లు చెప్పారు. చివరికి 1994లో, మోసం జరిగిందని ప్రభుత్వం అనకుండానే వివాదం ఒప్పందంతో ముగిసింది. కానీ ఈలోగా అమెరికన్ కాంగ్రెస్‌లో విచారణ జరిగింది, ఓవర్‌హెడ్‌లో పరిపాలన వాటాకి 26 శాతం పరిమితి వచ్చింది. ఆ పరిమితి దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తించింది. ఖాతా వర్గీకరణలో పడిన ఒక పద్దు అంత దూరం వెళ్లగలదని విన్నాక హాలు నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒకావిడ, "అయితే మేం బిల్లు మీద ఖాతా కోడ్ వేసే పని చిన్నది కాదన్నమాట" అంది. కాదు మరి.

జీతాల సంగతి త్వరగానే అయిపోతుంది. ఎవరు ఎన్ని రోజులు ఏ ప్రాజెక్టుకి పనిచేశారో ఎప్పటికప్పుడు రాసి సంతకం చేయించాలి, ఏడాది చివర్లో గుర్తు తెచ్చుకుని కాదు. హొరైజన్ యూరప్‌లో వార్షిక సిబ్బంది ఖర్చుని 215తో భాగించి రోజు రేటు తీస్తారు. 43,000 అయితే రోజుకి 200 అన్నమాట. ఈ ఒక్క లెక్క చేయించు, మిగతాది వాళ్లకే అర్థమవుతుంది.

మూడో రోజు ల్యాబ్‌కి తీసుకెళ్లు. తప్పకుండా తీసుకెళ్లు. వోచర్ మీద రోజూ చూసే రసాయనం పేరు సీసా మీద కనిపించగానే వాళ్ల కళ్లు వెలిగాయి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ముందు నిలబెట్టి, ఇది ఆగిపోతే ఎన్నేళ్ల నమూనాలు పోతాయో ఒక పరిశోధక విద్యార్థిని చెప్పింది. ఇంతకు ముందు అదే ఫ్రీజర్ మరమ్మతు బిల్లు మీద మూడుసార్లు అభ్యంతరం రాసిన గుమాస్తా ఆ గుంపులోనే ఉన్నాడు. వెనక్కి వచ్చాక, మరమ్మతు బిల్లుతో పాటు ఏ వివరం పంపితే ఒక్కసారిలో పాస్ చేయగలనో తనే ఒక కాగితం మీద రాసి ఆ ల్యాబ్‌కి పంపాడు.

శాస్త్రవేత్తల్ని కూడా ఒక గంట కూర్చోబెట్టు. గ్రాంట్ ముగిసే నెలలో ఖర్చుల్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చమని అడగడం మామూలైపోయింది. ఆడిటర్ మొదట చూసేవి ఆ మార్పులే. అమెరికాలో వైద్య పరిశోధనలకి గ్రాంట్లిచ్చే ఎన్ఐహెచ్ వాళ్లు పొరపాటు తెలిసిన 90 రోజుల్లోపు సరిదిద్దాలంటారు, కారణం కాగితం మీద ఉండాలంటారు. 'పొరపాటున పడింది' అని రాస్తే సరిపోదు. ఎలా పడింది, ఆ ఖర్చు రెండో ప్రాజెక్టుకి ఎందుకు చెందుతుంది అన్నది కావాలి. ఈ మాట అకౌంట్స్ వాళ్లు చెప్తే అడ్డంకిలా వినిపిస్తుంది. అందుకే ఒప్పందంలో ఆ పేరా ఎక్కడుందో సెక్షన్ అమ్మాయే ప్రొఫెసర్‌కి చూపించేలా చేశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఇది నేనే సంతకం చేశాను కదా" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి కూర్చుని కారణం రాశారు.

సాఫ్ట్‌వేర్ శిక్షణని దీంతో కలపమని మీ వాళ్లు ఒత్తిడి చేస్తారు. ఒప్పుకోకు, అది వేరే రోజు పెట్టుకోవచ్చు. చివర్లో పరీక్ష కూడా పెట్టకు, టెన్షన్ తప్ప ఏమీ రాదు. దానికి బదులు రెండు నెలల తర్వాత మళ్లీ పిలిచి, వాళ్లు వెనక్కి పంపిన బిల్లులు తలా అయిదు తెమ్మను. ప్రతి దాని మీదా ఒప్పందంలోని ఏ పేరా ప్రకారం పంపారో రాసి ఉండాలి. నిన్న మా వాళ్లు తెచ్చినవి చూశాను. మొదట్లో చెప్పానే, రసాయనాల బిల్లు వెనక్కి పంపిన అమ్మాయి, ఆమె రెండే తెచ్చింది. మిగతా మూడు ఏవమ్మా అంటే, "వెనక్కి పంపినవే రెండు సార్, మిగతావి ఫోన్ చేసి అడిగి పాస్ చేశాను" అంది.

ఈ ఉత్తరంతో పాటు నేను పేర్లు కొట్టేసిన ఒప్పందం, యంత్రం లెక్క పెట్టిన కాగితం పంపుతున్నాను. నీ మొదటి బ్యాచ్ ఎప్పుడో తేదీ రాయి. కుదిరితే ల్యాబ్‌కి వెళ్లే రోజు నేనూ వచ్చి వెనక కూర్చుంటాను.

నీ మిత్రుడు