పాత చుడీదార్ తెచ్చుకో

నరసన్నపేట

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు నీరసంగా ఉంది. పాత పల్లెపాటల కోసం మందస దగ్గర మూడు ఊళ్లు తిరిగితే, రికార్డర్ బయటికి తీయగానే ముసలమ్మలు భజన పాటలో సినిమా పాటలో అందుకుంటున్నారన్నావు. పైగా ప్రాజెక్ట్ గడువు టెన్షన్ ఒకటి. అప్పటికి నాకు ఏం చెప్పాలో తోచలేదు. రాత్రి పడుకున్నాక బార్తోక్ గుర్తొచ్చాడు.

అదే, హంగేరీ సంగీతకర్త బేలా బార్తోక్. 1904లో అతనికి 23 ఏళ్లు. ఆ వేసవిలో ఓ పల్లెలో మకాం పెట్టినప్పుడు, లిడీ డోషా అనే పనమ్మాయి పాడుకుంటున్న పాట చెవిన పడింది. ఎర్రని ఆపిల్ పండు బురదలో పడిందని ఆ పాట. అంతవరకూ పట్నాల్లో బ్యాండు వాళ్లు వాయించేదే పల్లెపాట అనుకునేవారు చాలామంది. తర్వాత స్నేహితుడు కొడాయ్, ఇతనూ ఊళ్లు పంచుకుని తిరిగారు. వెంట పాటని పట్టే ఫోనోగ్రాఫ్ యంత్రం, మైనపు సిలిండర్లు. ఒక్కోదాని మీద రెండు మూడు నిమిషాల పాట పడితే గొప్ప. ఆ విషయంలో నువ్వే నయం.

1907లో ట్రాన్సిల్వేనియా పల్లెల్లో తిరుగుతూ, తను మనసు పడ్డ వయొలిన్ కళాకారిణి స్టెఫీ గేయర్‌కి ఓ ఉత్తరం రాశాడు. ఉత్తరం నిండా నీ గోడే! పాత పాట పాడమ్మా అని ఓ పల్లెటూరి ఆవిడని ఇతను బతిమాలడం, నన్ను ఆట పట్టిస్తున్నారా అని ఆవిడ తప్పించుకోవడం, చివరికి భక్తి పాట ఎత్తుకోవడం. మనసు పడ్డ పిల్లకి ఎవరైనా ఇలాంటి ఉత్తరం రాస్తారా చెప్పు! అయినా ఆ తిరుగుడులోనే అతనికి ఐదు స్వరాల పాత బాణీలు దొరికాయి. మన శుద్ధ ధన్యాసి రాగంలో వచ్చే స్వరాలే అవి.

ఇదంతా నేను విజయనగరంలో సంగీతం డిప్లొమా చదివేటప్పుడే తెలుసుకున్నాను. తెలిసి ఏం లాభం? పెళ్లయిన కొత్తలో మీ నానమ్మ పెరట్లో బియ్యం చెరుగుతూ ఏదో పాడుతోంది. చేట కొట్టిన ప్రతి దెబ్బకీ పాట ఓ మెట్టు దిగుతోంది. లోపల నేను పిల్లలకి సరళీ స్వరాలు చెబుతున్నాను. "కాసేపు ఆపండత్తయ్యా, పిల్లల శ్రుతి తప్పుతోంది" అన్నాను. ఆపేసింది. ఆ తర్వాత నేను ఇంట్లో ఉండగా ఎప్పుడూ పాడలేదు. చేట చప్పుడు మాత్రం వినిపించేది.

ఉభాలప్పుడు, అదే వరి నాట్లప్పుడు, నానమ్మ పక్కనే వంగి నాటే పెద్దావిడ ఒకరు ఇంకా ఉన్నారు. మొన్న సంతలో కనిపిస్తే ఆ పాటల గురించి అడిగాను. "పాటలేటమ్మా? కుర్చీలో కూకుంటే వస్తాయా? నడుం వంచితే అయ్యే వస్తాయి" అంది నవ్వుతూ. డెబ్బై దాటినా ఇప్పటికీ మడిలోకి దిగుతుంది.

వంశధార కాలువకి నీళ్లు వదిలారు. మన చేలో వచ్చే సోమవారం ఉభాలు. ఆవిడకి కబురు పెట్టాను. నువ్వు ఆదివారానికల్లా వచ్చేయ్. రికార్డర్ నాకిచ్చెయ్, గట్టు మీద కూర్చుని నేను నొక్కుతాను. నువ్వు నారు కట్ట పట్టుకుని ఆవిడ పక్కన దిగు. పాడమని మాత్రం అడగకు. పాత చుడీదార్ ఏదైనా తెచ్చుకో, ఆ నల్లరేగడి మరక ఓ పట్టాన వదలదు.

అమ్మ