రెండోసారి నొక్కనిచ్చింది ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, పల్లెల వాళ్లకి కంప్యూటర్ తెలియక బటన్లు ఇష్టమొచ్చినట్టు నొక్కేసి ఆన్‌లైన్ ఫీజులు రెండేసి సార్లు కట్టేస్తున్నారని. నాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే కూర్చుని వేరే ఊరి కంపెనీకి వెబ్ అప్లికేషన్ల కోడ్ రాస్తాను, ఎక్కువగా పేజీ పైన సేవ్, ప్రింట్ అంటూ వరసగా బటన్లు ఉండే టూల్‌బార్ల పనే. అందుకని ఆ ఉత్తరం చదివి ఊరుకోలేకపోయాను.

మా బావకి బజార్లో జెరాక్స్, నెట్ సెంటర్ ఉంది. ఆంధ్ర వైపున్న పాతపట్నం నుంచి కూడా వస్తుంటారు. మొన్న ఒక అమ్మాయి డిగ్రీలో చేరడానికి దరఖాస్తు పెట్టించుకుంది. పైన టూల్‌బార్‌లో నాలుగు బటన్లు, చివర్లో ‘సమర్పించు’. బావ దాన్ని నొక్కాడు. రంగు మారలేదు, గుండ్రంగా తిరిగేదేమీ రాలేదు, పేజీ ఎక్కడిదక్కడే ఉంది. బయట వాన, నెట్ నత్తనడక. కాసేపు చూసి ఆ అమ్మాయే, “అన్నయ్యా, అవ్వలేదేమో, ఇంకోసారి నొక్కండి” అంది. నొక్కాడు. ఫీజు బావ వాలెట్ నుంచి రెండుసార్లు కట్ అయింది. రెండో ఫీజు ఎవరు పెట్టుకోవాలని ఆ అమ్మాయి నాన్నకీ మా బావకీ మాటా మాటా పెరిగింది, చివరికి బావే పెట్టుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో అవగాహన లేనిది ఎవరికి? బటన్ నొక్కినప్పుడల్లా బ్రౌజర్ ఒక క్లిక్ కబురు పంపుతుంది, పదిసార్లు నొక్కితే పదిసార్లు పంపుతుంది, దాని పని అంతే. ఆపాల్సింది మేము. మొదటి క్లిక్ అందగానే అన్నిటికన్నా ముందు ఆ బటన్‌కి డిసేబుల్డ్ అన్నదాన్ని ట్రూ చేయాలి. అది ఒక్క లైను కోడ్. ఆ తర్వాత ఇంకెన్నిసార్లు నొక్కినా క్లిక్ పుట్టదు. ఇంకో లైనుతో బటన్ మీది మాటని ‘పంపుతున్నాం, ఆగండి’ అని మార్చేయవచ్చు. పని అయితే రసీదు చూపించి బటన్‌ని అలాగే ఆపేసి ఉంచాలి. సర్వర్, అంటే అవతల ఫారం అందుకునే కంప్యూటర్, తప్పు చూపించి తిప్పి పంపితే బటన్‌ని మళ్లీ తెరవాలి. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు, అప్పుడు బటన్ బూడిద రంగులో బిగుసుకుపోయి ఉంటుంది, పేజీ రీలోడ్ చేస్తే గంటసేపు నింపిన ఫారం గంగపాలు.

మరి నెట్ మధ్యలో తెగిపోతే? ఫారం సర్వర్‌కి చేరిందో లేదో బ్రౌజర్‌కి తెలిసే దారి లేదు. మా వైపు ఇది రోజూ ఉండేదే. అందుకే ఫారం తెరిచినప్పుడే దానికో నంబరు ఇచ్చి, అదే నంబరుతో మళ్లీ వస్తే సర్వర్ కొత్తగా ఫీజు తీసుకోకుండా పాత రసీదే తీసి ఇవ్వాలి. టూల్‌బార్ ఎంత జాగ్రత్తగా రాసినా ఇది లేకపోతే సగం పనే. అలాగే కొందరు అనుమతి లేనివాళ్లకి ‘మార్చు’ బటన్‌ని కనపడకుండా దాచేసి తాళం వేసినట్టు అనుకుంటారు. ఎఫ్12 నొక్కి పేజీ వెనకున్న కోడ్ తెరవడం వచ్చిన ఇంటర్ పిల్లాడు కూడా దాన్ని బయటికి తీసేస్తాడు. ఎవరికి అనుమతి ఉందో సర్వర్ దగ్గర చూసుకోవాల్సిందే.

నేనేదో పెద్ద పోటుగాడినని కాదు, నేనూ ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. ఒక టూల్‌బార్‌లో సేవ్ బటన్‌ని పేరుతో కాకుండా వరసలో ఎన్నోదో లెక్కపెట్టి పట్టుకున్నాను. కోడ్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మూడో బటన్ కావాలంటే రెండు అని రాస్తాం, రాశాను, బాగానే నడిచింది. కొన్నాళ్లకి ఇంకెవరో దానికి ముందు ‘చెరిపేయి’ అని కొత్త బటన్ పెట్టారు. సేవ్ కాస్తా నాలుగోదైంది, నా కోడ్‌కి మాత్రం ఇంకా మూడోదే సేవ్. దానంతటదే సేవ్ నొక్కేలా నేను పెట్టిన ఆటో సేవ్ ఐదు నిమిషాలకోసారి వెళ్లి నింపినదంతా చెరిపేస్తోంది! ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి ప్రతి బటన్‌కీ ఐడీ అని ఒక సొంత పేరు పెట్టి, ఆ పేరుతోనే పిలుస్తున్నాను.

తెలుగు బటన్ల సంగతి ఇంకో బాధ. టూల్‌బార్ ఎత్తుని ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా బిగించేసి, దాటిందాన్ని కోసేయమని రాస్తారు. మన ఒత్తులు కిందికి కదా దిగేది, అవి తెగిపోతాయి. ‘రద్దు’ కాస్తా ‘రదు’, ‘సమర్పించు’ కాస్తా ‘సమరించు’ అయి కూర్చుంటాయి. ఒడియా నేర్చుకుని తెలుగు ఇంట్లో మాత్రమే చదివే మా పిల్లలు దాన్నేమని చదువుతారు? అసలు ‘సమర్పించు’ ఎందుకు, అదేమైనా హారతా? ‘పంపండి’ అంటే చాలదా? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మాది, 1936లో ఒడిశాలో కలిసింది గానీ ఇళ్లలో మాట మారలేదు.

మౌస్ పాడైనా, కళ్లు కనపడకపోయినా కీబోర్డుతో పని జరగాలి. టూల్‌బార్‌లోకి ట్యాబ్ నొక్కి ఒక్కసారి వెళ్తే లోపల కుడి ఎడమ బాణాలతో తిరగాలన్నది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, దానికి కోడ్ పట్టుమని ఇరవై లైన్లు. రాసేవాళ్లు తక్కువ.

మా బావ మానిటర్ మీద తెలుగులో, ఒడియాలో కాగితం అంటించాడు: ‘ఒక్కసారే నొక్కాలి’. ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి ఎప్పుడైనా ఇటు వస్తే చూపిస్తాను.

అన్నట్టు, మీ పేపర్ వెబ్‌సైట్‌లో అక్షరాలు పెద్దవి చేసే బటన్ ఫోన్లో తెరిస్తే రెండో వరసకి జారి హెడ్డింగ్ మీద పడుతోంది. మీ సైటు చూసేవాళ్లకి కాస్త చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా