విక్టర్ కొట్టిన చప్పట్లు

సంపాదకుడు గారికి,

కృత్రిమ మేధ గురించో, జన్యుమార్పిడి పంటల గురించో రాసినప్పుడల్లా మన పత్రికలకు ఫ్రాంకెన్‌స్టైన్ గుర్తుకొస్తాడు. శాస్త్రం హద్దు దాటితే ఇంతే సుమా అని బెదిరించడానికి ఆ పేరు వాడేస్తారు. కానీ ఆంగ్ల రచయిత్రి మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో తప్పు జరిగిన చోటు వేరు.

ఆ నవల 1818లో రచయిత్రి పేరు లేకుండా లండన్‌లో అచ్చయింది. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున మొదలుపెట్టినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. అంతకు పదమూడేళ్ల ముందే జియోవన్నీ అల్దీని అనే ఇటలీ శాస్త్రవేత్త, లండన్‌లో ఉరితీసిన ఖైదీ శవానికి కరెంటు పెట్టి, దవడ కదలడం, కన్ను తెరుచుకోవడం జనానికి చూపించాడు. అంటే ఆమె రాసింది ఆనాటి సైన్సు కబుర్ల మధ్య పుట్టిన కథే.

కథలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువ విద్యార్థి ఒక జీవిని తయారుచేయడానికి దాదాపు రెండేళ్లు గుట్టుగా పనిచేస్తాడు. గురువులకు చెప్పడు, ఇంటికి సరిగా ఉత్తరాలు కూడా రాయడు. ఆ జీవికి ప్రాణం పోసిన రాత్రే దాని రూపం చూసి గదిలోంచి పారిపోతాడు. మర్నాడు వచ్చి చూస్తే అది కనపడదు. పీడ విరగడైందని సంతోషంతో చప్పట్లు కొడతాడు! ఎటు పోయిందో వెతకడు, ఎవరినీ హెచ్చరించడు. మొత్తం నవలలో నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే. ఆ తర్వాత అతని చిన్న తమ్ముడు హత్యకు గురైతే, నేరం ఆ ఇంట్లో పనిచేసే జస్టీన్ మీద పడుతుంది. హంతకుడు తాను పుట్టించిన జీవేనని విక్టర్‌కి అర్థమైపోతుంది. ఆమె నిర్దోషి అంటాడు గానీ అసలు సంగతి మాత్రం దాస్తాడు, చెబితే పిచ్చివాడనుకుంటారని. జస్టీన్‌ని ఉరితీస్తారు.

ఇంకో విషయం. జ్ఞానం వెంట మరీ పరుగెత్తకూడదన్న నీతి నవలలో ఉన్నమాట నిజమే, కానీ ఆ మాట అనేది విక్టరే. తన గత ప్రవర్తనలో తప్పేమీ కనిపించడం లేదని చావుబతుకుల్లో చెప్పేదీ అతనే. ముద్దాయి చెప్పిన సాకును మనం రెండు వందల ఏళ్లుగా తీర్పనుకుంటున్నాం.

2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్, తాను జన్యువులు సవరించిన పిండాల నుంచి కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించినప్పుడు ‘చైనా ఫ్రాంకెన్‌స్టైన్’ అన్నారు. పోలిక బాగానే కుదిరింది, కాకపోతే దేవుడి పనిలో వేలు పెట్టాడన్నందుకు కాదు. పని గుట్టుగా సాగింది, పిల్లలు పుట్టాకే లోకానికి తెలిసింది. కోర్టు మూడేళ్ల జైలు వేసింది. ఆ పిల్లలు పెద్దయ్యేదాకా వాళ్ల ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండేదెవరన్నది శిక్షతో తేలే విషయం కాదు.

అందుకని మీ పత్రికకు ఒక మనవి. ఈసారి ఆ పేరు శీర్షికలో పెట్టేముందు, ఆ పనిని బయటివాళ్లు ఎవరైనా పరిశీలించారా, జనంలోకి వదిలాక దాని మంచిచెడ్డలకు ఎవరు పూచీ, లోపం తెలిసిన ఉద్యోగి బయటపెడితే అతని ఉద్యోగం నిలుస్తుందా అని మీ విలేఖరుల చేత అడిగించండి. జవాబు దొరకకపోతే ఆ సంగతి కూడా అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం