బీటు కట్టినవాళ్ల పేరు వేయాలి

మన కుర్రాళ్లు కట్టిన ర్యాప్ బీట్లను, అంటే ర్యాప్ మాటల వెనక వినిపించే సంగీతాన్ని, పేరు వేయకుండా వాడుకోవడం ఆగాలి. ఒకప్పుడు న్యూయార్క్‌లో మిక్స్‌టేపులు (పాటలు కలిపి చేసిన రికార్డింగులు) క్యాసెట్ల మీద చేతులు మారేవి, మనం సెల్ షాపుల్లో మెమరీ కార్డులకు పాటలు ఎక్కించుకున్నాం, ఇప్పుడు లింకు పంపితే చాలు. కావలిలో మా పక్కింటి పిల్లాడు రాత్రుళ్లు మేలుకుని కట్టిన బీటు స్నేహితులకు వాట్సాప్‌లో పంపాడు. నెల తిరక్కుండా అది ఎవరిదో రీల్‌లో వినబడింది, వాడి పేరు ఎక్కడా లేదు. అప్పటి నుంచి కొత్తవి ఎవరికీ వినిపించడం లేదు, నాకు అదే బాధ. కాపీరైట్ చట్టం (1957) 57వ సెక్షన్ సంగీతం కూర్చినవాళ్లకు అది తమదని చెప్పుకునే హక్కు ఇచ్చింది. అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. ఈ సంగతి పిల్లలకు తెలియదు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కాలేజీల్లో శిబిరాలు పెట్టి, ఫైలులోనే పేరు, తేదీ చేర్చడం, వాడుకునేవాళ్లతో కాగితం రాయించుకోవడం నేర్పాలి.

– ఒక పాఠకురాలు, కావలి