ఖైదీ దావా కొట్టేశారంటే కోరిక తప్పని కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

అమెరికా జైళ్లలో మతాచారాల కోసం ఖైదీలు వేసే సివిల్ దావాల వార్తలు చాలావరకు ‘కోర్టు కొట్టేసింది’ అన్న ముక్కతో ముగుస్తాయి. చదివినవాళ్లు ఖైదీ అడిగిందే అన్యాయమనుకుంటారు. నిజానికి ఆ కోరిక విచారణ దాకా రాని కేసులే ఎన్నో.

చట్టం బలంగానే ఉంది. ఆర్లూపా అని పిలిచే 2000 నాటి చట్టం ప్రకారం, మతాచరణకు గట్టి ఆటంకం కలిగించే నిబంధన తప్పనిసరి అవసరమనీ, అంతకంటే తేలికైన మార్గం లేదనీ జైలే రుజువు చేసుకోవాలి. ఆర్కాన్సాలో ఒక ముస్లిం ఖైదీ అర అంగుళం గడ్డం పెంచుకుంటానన్నాడు. అందులో బ్లేడో సిమ్ కార్డో దాస్తాడని జైలు వాదన. చర్మవ్యాధి ఉన్నవాళ్లకు పావు అంగుళం గడ్డాన్ని అదే జైలు ఒప్పుకుంటోంది, తలమీద జుట్టు అంతకన్నా పొడుగున్నా అడగడం లేదు. 2015లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఖైదీ పక్షాన నిలిచింది.

అసలు చిక్కంతా 1996 నాటి మరో చట్టంతో. దావాకు ముందు జైల్లో ఫిర్యాదు ఫారం ఇవ్వాలి, కాదంటే అప్పీలు చేయాలి, ఉన్న మెట్లన్నీ ఎక్కాలి. కాలిఫోర్నియా ఖైదీ ఒకరు తనను మత కార్యక్రమాలకు రానివ్వడం లేదని ఫిర్యాదు చేశాడు. గడువు 15 పనిదినాలు, ఆయన ఇచ్చింది దాదాపు ఆరు నెలలకు. గడువు తప్పితే దావాకూ దారి లేదని 2006లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ‘నా మతాన్ని గౌరవించడం లేదు’ అని మాత్రమే రాస్తే చాలా జైళ్లలో ఫారం నిలవకపోవచ్చు. ఏ ఆచారాన్ని, ఏ తేదీన, ఎవరు ఆపారో, ఏం కావాలో రాయాలి. కాపీ ఉంచుకోకపోతే ఫారం ఇచ్చినట్టు చూపడమే కష్టం. సిబ్బందే అడ్డుపడితే ఈ షరతు వర్తించదని 2016లో కోర్టు చెప్పింది గానీ, అడ్డుపడ్డారని నాలుగు గోడల మధ్య ఉన్నవాడు చూపేదెలా?

అదే 1996 చట్టం వల్ల, చేతిలో డబ్బు లేకున్నా 350 డాలర్ల కోర్టు ఫీజు మాఫీ కాదు. ఖాతాలో 10 డాలర్లు దాటినప్పుడల్లా నెలసరి రాబడిలో 20 శాతం చొప్పున కోస్తారు.

ఇవన్నీ దాటినా, ఆర్లూపా కింద రాష్ట్రం నుంచి నష్టపరిహారం రాదని 2011 తీర్పు. ఇక మిగిలేది ‘ఆపండి’ అనే ఆదేశం. ఖైదీని వేరే జైలుకు మార్చినా, విడుదల చేసినా సాధారణంగా అదీ అక్కర్లేనిదవుతుంది. 2020లో లూసియానాలో మూడు వారాల శిక్ష మిగిలిన రాస్తఫారీ ఖైదీ (జుట్టు కత్తిరించకుండా జడలు పెంచడం ఆ మతాచారం), జడలు కత్తిరించకూడదన్న కోర్టు తీర్పు ప్రతిని గార్డు చేతికిచ్చాడు. దాన్ని చెత్తబుట్టలో పడేశారు. కుర్చీకి బేడీలు వేసి గుండు గీశారు. ఆ పనిని గట్టిగా ఖండిస్తూనే, అధికారుల నుంచి పరిహారం ఇప్పించలేమని 2023లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోయిన జడలకు ‘ఆపండి’ అన్న ఆదేశం ఏం న్యాయం చేస్తుంది?

దయచేసి ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు, దావా పోయింది గడువు వల్లనా, బదిలీ వల్లనా, పరిహారం లేకనా, లేక కోరికలోనే పస లేకనా అన్నది కూడా ఒక్క వాక్యంలో రాయండి.

— ఒక పాఠకుడు