శ్మశానంలో పనిచేసేవాళ్లకు మాట్లాడటం నేర్పించండి

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో వైకుంఠ రథం నడుపుతాను, ఫ్రీజర్ బాక్సులు అద్దెకిస్తాను. శ్మశానాలకు ప్రహరీలు, షెడ్లు, గ్యాస్ దహనవాటికలు కావాలని మీకు అర్జీలు చాలానే వచ్చుంటాయి. నేను అడిగేది వేరు. మా డ్రైవర్లకు, మార్చురీ సిబ్బందికి, కాటికాపరులకు, గేటు దగ్గర రసీదు రాసేవాళ్లకు దుఃఖంలో ఉన్న మనుషులతో ఎలా మెలగాలో శిక్షణ ఇప్పించండి. మనిషి పోయిన మొదటి కొన్ని గంటలు ఆ కుటుంబం మా చేతుల్లోనే ఉంటుంది. డాక్టర్ చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోతాడు. చుట్టాలు ఇంకా దారిలోనే ఉంటారు.

దింపుడు కళ్లం సంగతే చూడండి. పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలవాలి. లేవడని తెలుసు, అయినా పిలుస్తారు. సరిగ్గా అప్పుడే వెనక ఇంకో బండి హారన్ కొడుతుంది. "జల్ది కానియ్యండి, ఇంకా రెండు లైన్లో ఉన్నయ్" అని మావాళ్లే అరుస్తారు. ఆ కేకకు రెండో పిలుపు దగ్గరే ఆగిపోయి, లేచి పక్కకు జరిగిన కొడుకును చూశాను. అరిచినవాడు చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచి మంట దగ్గరే ఉన్నాడు. రెండు నిమిషాలు ఆగడం కూడా తన పనేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

గుండెకు పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందే తీయించాలి, లేకపోతే వేడికి బ్యాటరీ పేలుతుంది. ఈ ప్రశ్న గేటు దగ్గర అందరి ముందు అడిగితే ఆ ఇంటివాళ్లు ఏమైపోవాలి? మేం ఫ్రీజర్ దించేటప్పుడే ఇంటి పెద్దను పక్కకు పిలిచి అడిగితే సరిపోతుంది.

దుఃఖం ఎప్పుడూ ఏడుపుగానే రాదు. ఒకాయన కిరాయి దగ్గర గొడవ పెట్టుకుంటాడు, ఇంకొకరు అడిగిందే అయిదుసార్లు అడుగుతారు, ఒకమ్మాయి చుక్క కన్నీరు లేకుండా ఫోన్ చూస్తూ కూర్చుంటుంది. కొత్త డ్రైవరైతే ఆ కిరాయి గొడవను నిజమనుకుని మాటకు మాట అంటాడు. అడిగిందానికి అయిదోసారి కూడా విసుక్కోకుండా చెప్పడం, "వయసైపోయిందిగా" లాంటి ఓదార్పులు మానేయడం నేర్చుకుంటే వచ్చే పనులే. శిక్షణ అనగానే ఎవరో ఒకరు దుఃఖానికి అయిదు దశలంటూ చార్టు తెచ్చి గోడకు తగిలిస్తారని నా భయం. కుబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ 1969లో ఆ దశలు రాసింది చావు దగ్గరపడిన రోగుల గురించి. మా బండి ఎక్కేవాళ్లెవరూ వరుస ప్రకారం ఏడవరు.

శ్మశానంలో ఇచ్చే రసీదు వెనక అచ్చు వేయించాల్సినవి రెండున్నాయి. ఒకటి, మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని. ఆస్పత్రిలో పోతే ఆ బాధ్యత ఆస్పత్రిది, ఇంట్లో పోతే ఇంటివాళ్లది. రెండోది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. 2022 నుంచి నడుస్తోంది, ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక ఆ నంబరుతో అవసరం పడుతుంది. ఆరు నెలలు దాటినా తేరుకోలేక రోజువారీ బతుకు ఆగిపోతే, దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే తన రోగాల జాబితాలో ఒక రుగ్మతగానే చేర్చింది.

కట్టడాలు అడగనన్నాను కానీ ఒక్క గది మాత్రం అడుగుతాను. ఈ ఊళ్లో చాలామంది ఇంటి ఓనర్లు అద్దెకున్నవాళ్ల శవాన్ని గుమ్మం తొక్కనివ్వరు. దాంతో మార్చురీ నుంచి నేరుగా శ్మశానానికే తెస్తాం. తల్లి పక్కన ఓ గంట కూర్చుందామన్నా వాళ్లకు చోటుండదు. ప్రతి శ్మశానంలో ఫ్యాను, నీళ్లు, ఫ్రీజర్‌కు ప్లగ్ పాయింటు ఉన్న గది ఒకటి వాళ్లకోసం ఉంచండి.

మా సంగతీ కాస్త చూడండి. 2021 కరోనా సెకండ్ వేవ్‌లో పనిచేసిన కాటికాపరుల్లో నాకు తెలిసిన కొందరు ఇప్పటికీ మందు పడనిదే పనిలోకి దిగలేరు. తాగి ఉన్నాడని కంప్లయింట్ వస్తే తీసేస్తారు, అంతే. పసిపిల్లల్ని తెచ్చిన రోజు నాకూ ముద్ద దిగదు. ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. అక్కడి డాక్టర్లను నెలకోసారి శ్మశానాలకు పంపితే శిక్షణా జరుగుతుంది, మావాళ్ల గోడు వినే మనిషీ దొరుకుతారు.

మీరొకసారి స్వయంగా చూస్తానంటే తనిఖీ అని ముందు చెప్పకుండా రండి. మధ్యాహ్నం పన్నెండు దాటాక వస్తే మంచిది, బండ్లు వరుసగా వచ్చేది అప్పుడే.

ఇట్లు,
ఒక వైకుంఠ రథం డ్రైవర్, హైదరాబాద్