రేకుల షెడ్ల గేటుకు తాళం ఎందుకు?

సంపాదకులు గారికి,

వరద బాధితుల షెడ్ల గురించి గత వారం జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. రాత్రిపూట గేటు దూకినందుకు కొందరిని మందలించారని, నిబంధనలన్నీ వాళ్ల భద్రత కోసమేనని అధికారులు అన్నారని రాశారు. ఎందుకు దూకారో మాత్రం రాయలేదు.

పాలు పితకడానికి దూకారు. గోదావరి మధ్య లంకల నుంచి వచ్చిన ఈ లంకవాళ్లకు పాడి పశువులే ఆధారం. షెడ్లలోకి గొడ్లను రానివ్వరు కాబట్టి ఏటిగట్టు మీద టార్పాలిన్ పట్టాలు కప్పి అక్కడే కట్టేసుకుంటున్నారు. పాల వ్యాను తెల్లారకుండానే వచ్చి వెళ్లిపోతుంది. గేటు తీసేది ఆరింటికి. పొదుగు నిండిన గేదె గట్టు మీద అరుస్తుంటే ఆ అరుపు షెడ్డులోకి వినపడుతుంది. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ లేవడు. ఆ రైతు ఏం చేయాలి?

గేటుకు అంటించిన కాగితం నేను స్వయంగా చదివాను. రాత్రి తొమ్మిది దాటితే రాకపోకలు లేవు, చుట్టాలు రాత్రి ఉండకూడదు, గదిలో పొయ్యి వెలిగించకూడదు, గొడ్లూ కోళ్లూ నిషేధం, పత్రికలవాళ్లతో మాట్లాడాలంటే అనుమతి తీసుకోవాలి. కింద సంతకం లేదు, తేదీ లేదు, ఏ జీవో ప్రకారమో లేదు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లను కూడా చుట్టాల లెక్కలో వేసి, చీకటి పడేలోగా పంపించెయ్యమన్నారు. నెలలు నిండిన పిల్ల తల్లి దగ్గర కాక ఇంకెక్కడ ఉంటుంది? ఆ మాట చెప్పిన ఉద్యోగి తన చెల్లెలికైతే చెప్పగలడా?

వీళ్లు ఎవరి దయ మీదో బతికినవాళ్లు కారు. కొబ్బరితోట, కూరగాయల మడి, గేదెలు, సొంత ఇల్లు ఉన్నవాళ్లు. గోదావరి ఒడ్డు కోసుకుపోయి ఇంటి పునాదులతో సహా ఏట్లో కలిసిపోతే ఇక్కడికొచ్చారు. తుపాను రోజుల్లో రెండు రాత్రులు నడిపే పునరావాస కేంద్రానికి పెట్టే కట్టుబాట్లను, నెలల తరబడి కాపురం చేస్తున్న సంసారాల మీద రుద్దుతున్నారు. అసలు తప్పు అక్కడుంది.

1986 ఆగస్టు వరదకు గట్లు తెగినప్పుడు మా ఊరి హైస్కూలు నిండా లంకవాళ్లే. పొయ్యిలు ఆవరణలోనే వెలిగాయి, గొడ్లను ఆటస్థలంలో కట్టేశారు. 1996 నవంబరు తుపానుకూ అంతే. ఎవరినీ ఎవరూ సంతకం పెట్టి బయటికి వెళ్లమనలేదు. అప్పటి తహసీల్దార్లు బాధితుల పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఇప్పుడు ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తే పని అయిపోయినట్టే. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కూడా లంకలకు పడవలు సమయానికి రాలేదు గానీ, ఫొటోలు మాత్రం వచ్చాయి. నదీకోత ఆపడానికి ఒడ్డు వెంబడి రివిట్‌మెంట్ (రాతి కట్టడం) కట్టమని ఎన్నేళ్లుగానో అడుగుతున్నాం. దానికి నిధులుండవు, గేటుకూ తాళానికీ ఉంటాయి.

నిబంధనలే కావాలంటే ఉన్నవి అమలు చేయండి. విపత్తు నిర్వహణ చట్టం 2005లోని 12వ సెక్షన్ కింద జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ సహాయ శిబిరాలకు కనీస ప్రమాణాలు ఇచ్చింది. మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. జీవనోపాధి మళ్లీ నిలబెట్టడానికి సాయం చేయాలని ఆ సెక్షనే చెబుతోంది. ఇక్కడ మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు, మరుగుదొడ్ల దగ్గర పొద్దున్నే ఆడవాళ్లు వరసలో నిలబడుతున్నారు. వీటి గురించి గేటు కాగితంలో ఒక్క ముక్క లేదు.

రేకుల గదుల్లో గ్యాస్ పొయ్యిలుంటే ప్రమాదమన్నది నిజమే, కాదనను. అయితే షెడ్ల వెనకాల ఖాళీ స్థలంలో ఉమ్మడి వంటపాక వేయండి. అవతలి పక్క పశువుల పాకకు చోటుంది. తాళంచెవి అక్కడుండే ఆడవాళ్లలో ఇద్దరికి ఇవ్వండి, బాధ్యత వాళ్లే చూసుకుంటారు. ఆ కాగితం పెట్టమన్నదెవరో చెప్పి, ముందు దాన్ని తీసేయించండి. ఈ కోరికలు షెడ్లవాళ్లు రాసి సోమవారం అర్జీల్లో ఇచ్చారు, రసీదు తప్ప జవాబు లేదు. ఆర్డీవో గారు పగలు జీపుల వరసతో కాకుండా ఒక్కసారి తెల్లవారుజామున నాలుగింటికి ఆ గేటు దగ్గరికి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కోనసీమ